వంటింటి టీవీకి బొమ్మ రాలేదు

ఫోన్ మోగేసరికి నా రెండు చేతులూ మోచేతుల దాకా ఖుబానీ రసంలో ఉన్నాయి. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఎలాగో ఇరికించుకున్నాను.

"వదినా, కూర్చునే ఉన్నావా?" అన్నాడు అర్గెన్. నా మరిది.

"ఈ నెలలో మీ ఊళ్ళో నిలబడ్డవాళ్ళెవరయ్యా? పండు చీల్చడం, గింజ తీయడం, చీల్చడం, తీయడం. పండ్లతో పాటు నన్నూ మీ అమ్మ కప్పు మీద ఆరేస్తారేమో."

"నన్ను జట్టులోకి తీసుకున్నారు. ఆగస్టు ముప్ఫై ఒకటిన, స్వాతంత్ర్య దినం నాడు ఫైనల్. టీవీలో మొత్తం ఆట చూపిస్తారట, ఆడుతుండగానే."

చేతిలో పండు జారి ఒళ్ళో పడింది. మా దేశంలో మగపిల్లాడికి గుర్రం మీద మేక కళేబరాన్ని గుంజుకుపోయే కోక్‌బొరు ఆట ఎలాంటిదో చెప్పాలంటే నాకు చేతకాదు. ఏడాది పొడుగునా ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇళ్ళు కూడా ఆ పూట ఒకే టీవీ ముందు భుజాలు రాసుకుని కూర్చుంటాయి. ఆ ఆటలో, ఆ రోజున, మా ఇంటి పిల్లాడు.

"అత్తయ్యా" అని ఎలా అరిచానో మరి, కొట్టంలో పాలు పితుకుతున్న మా అత్తయ్య బకెట్‌తో సహా పరిగెత్తుకొచ్చింది. పాలు ఆమె గౌను అంచు మీద ఒలికాయి. ఫోన్ ఆమె చెవికి ఆనించాను. ఆమె వింటూ "ఊఁ" అంది, "ఊఁ" అంది, "గుర్రం మంచిదేనా?" అంది. ఫోన్ నాకు తిరిగిచ్చి బకెట్ పక్కన నేల మీదే కూలబడిపోయింది.

మామయ్యకి నా భర్త మిర్లాన్ చెప్పాడు. మామయ్య పేరు నేను ఇక్కడ రాయను. కోడలు మామగారి పేరు పలకదు, రాస్తే మాత్రం పలికినట్టు కాదా. ఆయన టోపీ తీసి, తలకాయ నిమురుకుని, మళ్ళీ టోపీ పెట్టుకుని, "గొర్రెని కోస్తాను. ఊళ్ళో మగాళ్ళందరూ మనింటికే రావాలి. ఆ పెద్ద గదిలో గోడలు కదిలిపోవాలి" అన్నాడు.

ఆ సాయంత్రం అత్తయ్యా నేనూ కొట్టం కప్పు మీద చెక్కల నిండా ఖుబానీలు పరుస్తున్నాం. కింద సరస్సు నీలంగా మెరుస్తోంది. పెళ్ళై నాలుగు నెలలు. అప్పటికింకా నాకు ప్రతిదీ ముద్దే. పండ్లు ఎండుతుంటే వచ్చే వాసన ముద్దు, తలకి తెల్ల రుమాలు కట్టుకోవడం ముద్దు, పొద్దున్నే పెద్దవాళ్ళకి వంగి దణ్ణం పెడితే "నూరేళ్ళు బతుకు" అనడం ముద్దు.

"వాడి మొహం కూడా కనిపిస్తుందా?" అంది అత్తయ్య ఉన్నట్టుండి.

"ఎక్కడ?"

"టీవీలోనే. వాడు పైకొచ్చాక నేను వాడి ఆట చూడనేలేదు. మైదానానికి ఆడవాళ్ళం వెళ్ళం. టీవీలో ఎప్పుడైనా వస్తే పెద్ద గది నిండా మగాళ్ళే. నేను టీ పట్టుకుని వెళ్ళేసరికి అయిపోతుంది. పోయినేడు మా వాడు గోల్ కొట్టాడని నాకు తెలిసింది కేకలు విని. టీ పియాలాలు కడుగుతున్నా అప్పుడు."

చేతిలో ఉన్న పండుని చెక్క మీద పెట్టి, "ఈసారి అలా కాదు అత్తయ్యా. మా టీవీ తెచ్చి వేసవి వంటింట్లో పెడతాను. మగాళ్ళు అక్కడ చూస్తారు, మీరూ నేనూ ఇక్కడ చూస్తాం. టీ కావాలంటే వాళ్ళే వచ్చి పోసుకోవాలి" అన్నాను.

ఆమె నవ్వి నా చెంప మీద ఖుబానీ చేత్తోనే తట్టింది. కోడలిగా ఆ ఇంట్లో నేనిచ్చిన మొదటి మాట అది.

మా టీవీ అంటే పెళ్ళికి నా కాలేజీ స్నేహితురాళ్ళు కలిసి కొనిచ్చిన చిన్న టీవీ. మా గదిలో పెట్టుకున్నాం. వసంతంలో ఒకటి రెండుసార్లు పెడితే బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోయేది, మాట మధ్యలో మింగేసేది. పెళ్ళైన కొత్తలో టీవీ ఎవరు చూస్తారు గనక, పట్టించుకోలేదు. వంటింట్లోకి తెచ్చి పెట్టాక చూద్దును కదా, అదే తంతు. వార్తలు చదివే అమ్మాయికి నుదురు ఒకచోట, గడ్డం ఒకచోట. పెద్ద గదిలో మామయ్య టీవీ మాత్రం నిక్షేపంగా ఉంది.

నేను రాజధాని బిష్కెక్‌లో భౌతికశాస్త్రం చదివాను. తరంగాల మీద ప్రాజెక్టు రాశాను, ముప్ఫై పేజీలు. ఆ పాటి చదువుకి వంటింటి టీవీ ఒక లెక్కా అనుకున్నాను.

ఇంటి కప్పు మీద యాంటెన్నా ఒకటే. దాని నుంచి దిగిన తీగ చూరు దగ్గర ఒక చిన్న డబ్బాలోకి వెళ్తుంది. డబ్బాలోంచి రెండు తీగలు వస్తాయి, ఒకటి పెద్ద గదికి, ఒకటి మా గదికి. మా గది తీగనే పొడిగించి వంటింటికి లాక్కున్నాం. తప్పు టీవీదా, తీగదా, డబ్బాదా, యాంటెన్నాదా? ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరికి దొంగ దొరుకుతాడు. ముందు మామయ్య లేనప్పుడు మా టీవీని పెద్ద గదిలోకి మోసుకెళ్ళి అక్కడి తీగ పెట్టాను. బొమ్మ అద్దంలా వచ్చింది. అంటే టీవీది కాదు. తీగ చివర పిన్నులు కొత్తవి వేశాను. మార్పు లేదు.

ఆదివారం మిర్లాన్‌ని ఇంటి కప్పు ఎక్కించాను. నేను ఎక్కకూడదు. మామయ్య లోపల కూర్చుని ఉండగా కోడలు కప్పు ఎక్కితే ఆయన నెత్తి మీద నడిచినట్టే. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద మర్యాద తప్పడం ఇంకోటి లేదు. అందుకని నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఒక కన్ను టీవీ మీద, ఒక కన్ను మొగుడి మీద వేశాను.

"వచ్చిందా?"

"కాస్త ఎడమకి తిప్పండి."

"ఇప్పుడు?"

"వాతావరణం అబ్బాయికి కళ్ళు వచ్చాయి. ముక్కు రాలేదు."

"ముక్కెందుకు వాడికి, చెప్పేది వానలు పడతాయనే కదా. ఇప్పుడో?"

"ఉన్న కళ్ళు కూడా పోయాయి. ముందున్నట్టే పెట్టండి."

"ముందెలా ఉందో ఎవరికి గుర్తు? ఫిజిక్స్ మేడమ్ గారూ, కింద నిలబడి హుకుం చెయ్యడమేనా?" ఆ తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు ఇందాకటి నుంచీ టీవీని చూస్తున్నావా, నన్నా?" అన్నాడు.

"మిమ్మల్నే" అన్నాను. పెద్దవాళ్ళ వినికిడిలో ఆయన్ని మీరు అంటాను, మిగతాప్పుడు నువ్వు. ఆ తేడా కూడా నాకు అప్పట్లో ముద్దే.

వీధిలో పోయే ఆడవాళ్ళు ఆగి నవ్వారు. "అదేం కోడలమ్మా, మొగుణ్ణి కోడిపుంజులా కప్పెక్కించావు, కూస్తున్నాడా?" అంది ఒకామె. యాంటెన్నా ఊళ్ళో ఉన్న దిక్కులన్నీ తిరిగి మళ్ళీ మొదటి దిక్కుకే వచ్చింది. వంటింటి టీవీలో మార్పు లేదు.

అత్తయ్య ఇవన్నీ చూస్తూ రొట్టెల పిండి పిసుకుతోంది. "పోనీ వదిలెయ్ తల్లీ" అంది. "నాకు టీవీ లేకపోతే ఏం, కేకలు వినబడతాయిగా."

"లేదు అత్తయ్యా. మాటిచ్చాను."

"మాటలకేం, నేను మర్చిపోతాలే" అని తల వంచుకుంది. ఆశ పెట్టుకుని భంగపడటం ఇష్టం లేక అలా అంటోంది అనుకున్నాను. ఇంకా పట్టుదల పెరిగింది.

ఆగస్టు చివరికి వచ్చింది. చెక్కల మీద ఖుబానీలు ముడుచుకుని గోధుమరంగుకి తిరిగాయి. గొర్రెని తేవడానికి మామయ్యా మిర్లానూ కొండ మీది మేత బయలుకి వెళ్ళారు, మర్నాటి దాకా రారు. అత్తయ్య పెద్ద డేగిసా అడిగి తెచ్చుకోవడానికి ఎగువ వీధిలో బంధువులింటికి వెళ్ళింది. ఇంట్లో ఎవరి నెత్తీ లేదు. నిచ్చెన వేశాను.

ఇంటి కప్పు మీది నుంచి చూస్తే సరస్సుకి అవతల మంచుకొండలు కూడా కనిపిస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఒక నిమిషం అలాగే నిలబడిపోయాను. తర్వాత డబ్బా దగ్గర నుంచి మా గది తీగని వేలితో తడుముకుంటూ వెళ్ళాను. చూరు కింద, ఖుబానీ చెట్టు కొమ్మ ఇంటిని రాసుకునే చోట, వేలికి ఏదో మెత్తగా తగిలింది.

కంబళి ముక్క. మగ్గం మీద నేసింది కాదు, మా వాళ్ళు ఉన్నిని తడిపి, చుట్టి, తొక్కి చేసే మందపాటి కంబళి. తీగ చుట్టూ పిండికట్టులా చుట్టి, దారంతో దగ్గర దగ్గరగా కుట్టేశారు. రాత్రి మంచుకి తడిసి ఉంది, పిండితే నీళ్ళు కారాయి. కుట్లు విప్పి చూస్తే లోపల మా తీగ పైతోలు ఒలిచి, దానికి ఇంకో తీగని పురి పెట్టి కలిపారు. ఆ రెండో తీగ కొమ్మల్లోంచి పోయి, గోడ దాటి, పక్కింటి వైపు దిగింది.

పక్కిల్లంటే మామయ్య అన్నగారిల్లు. ఆ ఇంటికీ మా ఇంటికీ మాటల్లేవు. ఎందుకు లేవో నాకెవరూ చెప్పలేదు, కొత్త కోడలు అడగకూడదు. వాళ్ళ ఇల్లు గుట్ట నీడలో పల్లంగా ఉంటుంది, పట్నం టవర్ నుంచి వచ్చేది అక్కడికి అందదు. మాట్లాడరు గానీ సిగ్నల్ దొంగిలిస్తారన్నమాట అనుకున్నాను. ఉన్న ఒక్క తీగలో సగం వాళ్ళు తాగేస్తుంటే, మిగిలింది తడి కంబళి తాగేస్తుంటే, వంటింటికి ఏం వస్తుంది?

పురి విప్పేశాను. ఆ తీగని కొమ్మల్లోకి, కంబళి ముక్కని కిందికి విసిరేశాను. మా తీగని శుభ్రంగా కోసి, కొత్త పిన్ను వేసి, ప్లాస్టిక్ టేపు చుట్టాను. దిగి వచ్చి టీవీ పెడితే, వార్తలమ్మాయి మెడలో గొలుసుకున్న పూసలు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

అత్తయ్య వచ్చాక చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించాను. తెర మీద ఎక్కడిదో గుర్రాల సంత చూపిస్తున్నారు. ఆమె దగ్గరికి వెళ్ళి వేలితో తెరని ముట్టుకుంది.

"ఇంత బాగా కనిపిస్తాడా?"

"ఇంతకన్నా బాగా."

"ఎలా బాగుచేశావు?"

కప్పెక్కానని చెప్పడానికి ధైర్యం చాలలేదు. "తీగ సరిచేశాను" అన్నాను.

"అంతేనా. నేను ఇంకా..." అని ఆగి, స్టూలు లాక్కుని కూర్చుంది. వాతావరణం, పశువుల ధరలు, ఏదో సిమెంటు ప్రకటన, అన్నీ చూసింది. మధ్యలో ఒకసారి తనలో తను, "రెండింటికీ సరిపోతోందన్నమాట" అనుకుంది. పెద్ద గది టీవీ, ఈ టీవీ గురించి అనుకున్నాను.

మర్నాడు మామయ్యావాళ్ళూ గొర్రెతో దిగారు. సాయంత్రం నేను కాలవకి నీళ్ళకి వెళ్ళాను. పక్కింటి పెద్దత్తయ్య అక్కడ ఉంది. ఇళ్ళకి మాటల్లేకపోయినా ఎదురైన పెద్దవాళ్ళకి వంగి దణ్ణం పెట్టడం కోడలికి తప్పదు గనక, రోజూ పెట్టేదాన్ని. ఆవిడ "బతుకు తల్లీ" అనేది. అంతకు మించి ఒక్క మాట ఎప్పుడూ లేదు. ఆ రోజు మాత్రం ఆగింది.

"మీ టీవీ వస్తోందా అమ్మా?"

"బ్రహ్మాండంగా వస్తోంది పెద్దత్తయ్యా. మీది రావట్లేదా?"

"నిన్నటి నుంచీ నీలంగా ఉంది. సిగ్నల్ లేదని రాసుంది. రేపటికి అదే వస్తుందేమో అనుకున్నా."

నాకు లోపల కాస్త గర్వంగానే ఉంది. "మా చూరు కింద ఏదో దొంగతీగ కలిపి ఉంటే నేనే పీకేశాను. అప్పటి నుంచీ మాది బాగైంది" అన్నాను, మొహం చూస్తూ.

ఆవిడ కోపగిస్తుందనుకున్నాను, బుకాయిస్తుందనుకున్నాను. తడి చేతులు గౌనుకి తుడుచుకుంది. "మంచి పని చేశావు" అంది. "పాత తీగలు ఉండకూడదు." బకెట్ అందుకుంది. "రేపు వాడు ఏ గుర్రం ఎక్కుతాడో ఏమైనా చెప్పాడా? బూడిదరంగుదా, ఎర్రదా?"

"ఎర్రదన్నాడు."

"ఎర్రదైతే నయం. అది తల విసరదు" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. బకెట్ ఖాళీగానే పట్టుకెళ్ళింది.

వంటింట్లో అత్తయ్య నూనెలో బూరెలు వేయిస్తోంది. మర్నాటి అతిథులకి. నేను నవ్వుతూనే మొదలుపెట్టాను. "మన పక్కింటావిడ గడుసుదే అత్తయ్యా. ఇన్నాళ్ళూ మన తీగకి తీగ తగిలించుకుని కూర్చుంది. నేను పీకేశానని చెబితే, మంచి పని చేశావు అంటుంది, మొహం మీద గీత కదలకుండా."

అత్తయ్య చేతిలో జల్లిగరిట అలాగే ఆగిపోయింది. "ఏ తీగ?"

"చూరు కింద. కొమ్మల్లోంచి..."

"కంబళి ముక్కలో కుట్టి ఉందా?"

కంబళి ముక్క సంగతి నేను ఇంకా చెప్పనేలేదు. ఆ ఇంట్లో ఉన్నిని అంత దగ్గర కుట్లు వేసే చెయ్యి ఒక్కటే. అప్పుడు తట్టింది నాకు.

నూనెలో బూరెలు నల్లబడుతున్నాయి. ఆమె పొయ్యి ఆపేసింది.

"చలికి తీగ పాడవకుండా చుట్టాను" అంది. "ఖుబానీలు కోసే రోజుల్లో చెట్టెక్కితే నన్ను ఎవరు అడుగుతారు? మీ గది తీగ అప్పటికి ఊరికే పడుంది. నువ్వు టీవీ తెచ్చుకుంటావని నాకేం తెలుసు."

"ఎందుకత్తయ్యా? మనకీ వాళ్ళకీ..."

"వాణ్ణి కన్నది ఆవిడ."

ఎవర్ని అని అడిగాననుకుంటా. ఆమె బూరెల మీద గుడ్డ కప్పుతూ చెప్పింది. మిర్లాన్ తర్వాత పుట్టిన బిడ్డ ఆమెకి దక్కలేదు. చంటిదాన్ని పూడ్చి వచ్చిన వారానికి పక్కింట్లో తోడికోడలు అర్గెన్‌ని కన్నది. నీళ్ళాడిన రోజునే ఆవిడ పసివాణ్ణి గుడ్డలో చుట్టుకొచ్చి, "నాకు ఇంట్లో నలుగురున్నారు. నీకు పాలున్నాయి" అని ఈమె ఒళ్ళో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. మా వాళ్ళలో ఇది ఉన్నదే, అన్న బిడ్డని తమ్ముడికి ఇవ్వడం. ఇచ్చాక ఇచ్చినట్టే. ఎవరూ నోరెత్తరు. ఊరంతటికీ తెలిసి ఉంటుంది, ఎవరికీ తెలియనట్టు ఉంటుంది.

"మరి గొడవ?"

"ఐదేళ్ళ కింద ఒక విందులో వాడు పందెం గెలిచాడు. మీ పెద్దమామయ్య తాగి ఉన్నాడు. అందరి మధ్యనా లేచి, అది నా రక్తం, అందుకే అలా ఎక్కుతాడు గుర్రం అన్నాడు. వాడు అక్కడే ఉన్నాడు, వాడికి పదిహేనేళ్ళు. ఇచ్చిన బిడ్డని నాది అనడమా? మీ మామయ్య ఇంటికొచ్చి, అప్పటిదాకా రెండిళ్ళకీ ఉన్న తీగని తెంపి గోడ అవతల పారేశాడు. మొదట్లో ఒక్క యాంటెన్నాయే, రెండు ఇళ్ళూ చూసేవి." ఆమె స్టూలు మీద కూర్చుంది. "ఆవిడ మాత్రం ఏమన్నది? ఏమీ అనలేదు. పోయినేడు వాడు మొదటిసారి టీవీలో వస్తాడని తెలిసి నాకు నిద్ర పట్టలేదు. తీగ తెచ్చి కలిపాను. ఆవిడకి గోడ మీంచి కొస అందించాను. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు."

నాలుగు నెలలుగా నేను రుచి చూస్తూ, మురుస్తూ తిరిగిన ఇల్లు అదేనా అనిపించింది. మిర్లాన్ నాకు ఎందుకు చెప్పలేదు? ఫోన్‌లో "వదినా" అని నవ్వే ఆ పిల్లాడికి కూడా అంతా తెలుసా?

"ఇప్పుడే వెళ్ళి కలిపేస్తాను" అన్నాను.

"మళ్ళీ గళ్ళుగళ్ళుగా వస్తుందా?"

"ఇద్దరికీ అంటే అంతే అత్తయ్యా. ఆ తీగలో ఉన్నది ఒక్క టీవీకి సరిపడా. యాంటెన్నా దగ్గర పెట్టే బలం పెంచే డబ్బా ఒకటుంటుంది, పట్నంలో దొరుకుతుంది. రేపటికి కాదు."

"అయితే తీగ మొత్తం ఆవిడకే వెయ్యి."

"మీరు?"

"నేను వాడి మొదటి పన్ను చూశాను" అంది. "తట్టు పోసినప్పుడు చూశాను. మొదటిసారి గుర్రం మీంచి పడి లేచి నవ్వితే చూశాను. రోజూ చూశాను. ఆవిడ గోడకి అవతల ఉంది. ఆవిడకి ఆ పెట్టెలోనే వాడు."

"మామయ్య లోపలున్నారు. నేను కప్పెక్కితే..."

"నిచ్చెన నేను పట్టుకుంటాను" అంది మా అత్తయ్య.

ఇంకా వెలుగుంది. పెద్ద గదిలో మామయ్య టీవీ చూస్తున్నాడు, ఆటల వార్తలు వాకిట్లోకి వినబడుతున్నాయి. నా కాలి కింద రేకు చప్పుడైతే మోకాళ్ళ మీద పాకాను. చూరు మీద బోర్లా పడుకుని, వంటింటి తీగని విడదీసి, కొమ్మల్లోంచి ఆ పాత తీగని లాగి, కొస ఒలిచి, దానికి కొత్త పిన్ను తొడిగాను. డబ్బా దగ్గర బిగిస్తుంటే చెయ్యి తగిలి, పక్కనున్న పెద్ద గది తీగ కదిలింది. లోపల ఆటల వార్తలు ఠక్కున ఆగిపోయాయి.

మళ్ళీ బిగించేలోపే తలుపు తెరుచుకుంది. మామయ్య వాకిట్లోకి వచ్చాడు. నిచ్చెన పట్టుకున్న భార్యని చూశాడు. తలెత్తి, తన గది నెత్తిన బోర్లా పడుకున్న నన్ను చూశాడు. నా తెల్ల రుమాలు ఎప్పుడో జారి మెడ మీద పడింది. వెనకాల మిర్లాన్ వచ్చి, నన్ను చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ క్షణాన భూమి తెరుచుకుంటే నిచ్చెన కూడా అక్కర్లేకుండా దిగిపోయేదాన్ని.

"దిగు అమ్మాయ్. పడతావు" అన్నాడు మామయ్య. అంతే.

దిగాను. ఆయన నా వైపు చూడలేదు. నిచ్చెన పక్కన నేల మీద, నిన్న నేను విసిరేసిన కంబళి ముక్క పడి ఉంది. వంగి తీశాడు. కుట్ల మీద బొటనవేలు నడిపాడు.

"ఇది ఎవరు కుట్టారు?"

"నేనే" అంది అత్తయ్య.

"ఎప్పుడు?"

"పోయినేడు. మీరు కొండ మీదున్నప్పుడు."

"ఆ విందులో అందరి ముందూ వాడన్న మాట మర్చిపోయావా?"

"అన్నది మీ అన్న. ఆవిడ అనలేదు. బిడ్డని ఇచ్చిన రోజు అనలేదు, మీరు తీగ తెంపిన రోజు అనలేదు. నిన్న మన కోడలు మళ్ళీ తెంపితే, మంచి పని చేశావు అందట." ఆమె గొంతు పెద్దది కాలేదు. చేతులు మాత్రం ఇంకా నిచ్చెనని వదల్లేదు. "వంటింట్లో టీవీ ఇక రాదు, తీగ ఆవిడకి వేయించాను. రేపు మీ వాళ్ళకి టీ కోడలు పోస్తుంది. నేను ఆవిడ పక్కన కూర్చుని చూస్తాను."

ఆ ఇంట్లో ఆమె "నేను" అని ఒక వాక్యం మొదలుపెట్టడం నేను అప్పటిదాకా వినలేదు. మిర్లాన్ కూడా వినలేదేమో, నేల చూస్తున్నాడు. మామయ్య కంబళి ముక్కని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. గోడ అవతల ఎవరో టీవీ పెట్టారు. ఇందాక మా గదిలో ఆగిపోయిన ఆటల వార్తలే అక్కడ వినబడ్డాయి, రేపటి జట్ల పేర్లు చదువుతున్నారు. ఆయన తల అటు తిరిగింది. మా పిల్లాడి పేరు వచ్చేదాకా అలాగే నిలబడి విన్నాడు.

"ఉత్త చేతులతో పోతావా?" అన్నాడు చివరికి.

అత్తయ్యకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

ఆయన మా ఇద్దరినీ కాదు, కొట్టంలో కట్టేసిన గొర్రెని చూస్తూ చెప్పాడు. "రేపు పొద్దున్నే కోస్తాను. ఉడకగానే తుంటి ఎముక మాంసం విడిగా తీయించు. అది ఇంటికి పెద్దవాడి వాటా, నా అతిథులెవరికీ పెట్టొద్దు. ఆట మొదలవకముందే, వేడిగా ఉండగానే అక్కడికి పట్టుకెళ్ళు."